మా ఇంటి సబ్ వూఫరూ, అత్తయ్య చెవులూ

ఎలక్ట్రానిక్స్ చదివే మగపిల్లాడు ఉన్న ఇంట్లో వేసవి సెలవులొస్తే హాలు హాలులా ఉండదు. మా వాడు పాలిటెక్నిక్ రెండో ఏడాది. ఈసారి సబ్ వూఫర్ యాంప్లిఫయర్ సొంతంగా చేస్తానన్నాడు. కోఠిలో గుజరాతీ గల్లీకి నాలుగుసార్లు తిరిగి 8 అంగుళాల వూఫరూ, ట్రాన్స్‌ఫార్మరూ, టీడీఏ 7294 ఐసీ ఉన్న బోర్డూ తెచ్చాడు. ప్లైవుడ్ డబ్బా మావారు కొట్టించి ఇచ్చారు. టీపాయ్ మీద సోల్డరింగ్ వాసన, సోఫా కింద వైరు ముక్కలు. పోనీలే, ఫోన్ పట్టుకుని పడుకునే కంటే నయం అనుకున్నాను.

అసలు చిక్కు అది మోగడం మొదలయ్యాక వచ్చింది. టీవీలో హీరో తండ్రి మాట్లాడుతుంటే నీళ్ల బానలో తల పెట్టి మాట్లాడినట్టుంది. మావాడికి మాత్రం "దమ్ము చూడమ్మా!" అని సంబరం.

మా అత్తయ్యకి 76 ఏళ్లు. వయసు మీద పడ్డాక చెవికి ముందు దూరమయ్యేవి సన్నటి శబ్దాలట. స, శ, చ లాంటివి జారిపోతాయి, మోత మాత్రం మిగులుతుంది. మాట వినబడుతుంది, ఏమన్నారో తెలియదు. దాని మీద ఇంకా మోత పోస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆవిడ మూడు రోజులు ఏమీ అనలేదు. నాలుగో రోజు సీరియల్ వేళకి జపమాల తీసుకుని, "మీరు చూడండే అమ్మాయ్, నాకు కళ్లు లాగుతున్నాయి" అంటూ వెనక గదిలోకి వెళ్లిపోయారు. కళ్లు కాదని నాకు తెలుసు. ఈ మధ్య మనం ఏదైనా అడిగితే నవ్వి ఊరుకుంటున్నారు కూడా. అందరితో కలిసి కూర్చునేది రోజు మొత్తంలో ఆ గంటే. అదీ పోతే ఇంకేముంది?

ఆ రాత్రి మావాణ్ణి కూర్చోబెట్టి, అసలు ఇందులో ఏం జరుగుతోందో నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను.

సబ్ వూఫర్‌కి లావు శబ్దాలు మాత్రమే వెళ్లాలి. మిగతావి ఆపే జల్లెడ పేరే క్రాసోవర్ ఫిల్టర్. వీడు తొందరలో ఒక రెసిస్టరూ, ఒక కెపాసిటరూ పెట్టి 200 హెర్ట్జ్ దగ్గర గీత గీశాడు. మగవాళ్ల గొంతు సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య మొదలవుతుంది. అంటే మాటలన్నీ ఆ డబ్బాలోకి దూరుతున్నాయన్నమాట. పైగా అలాంటి ఒంటి జల్లెడకి కన్నాలు పెద్దవి, గీత దాటినవి కూడా బోలెడు కారతాయి.

యాంప్లిఫయర్ తర్వాత, స్పీకర్ ముందు రాగిచుట్ట పెట్టే పద్ధతి కూడా ఉందిట. అంత లావు శబ్దాలకి చుట్ట పెద్దదవుతుంది, రాగి ఖర్చు, శక్తి కూడా అందులో కొంత పోతుంది. పిండి కలిపేశాక జల్లించడం లాంటిదే అది. యాంప్లిఫయర్‌కి ముందే, శబ్దం ఇంకా చిన్నగా ఉన్నప్పుడే వడకడితే 4558 అనే ఎనిమిది కాళ్ల ఐసీ ఒక్కటి చాలు. అందులో రెండు యాంప్లుంటాయి కాబట్టి రెండుసార్లు జల్లించవచ్చు.

"అయితే 80 దగ్గర పెట్టు" అన్నాను. సుమారు 80 కంటే కిందవి ఎటునుంచి వస్తున్నాయో చెవి పోల్చుకోలేదని, అందుకే చాలామంది అక్కడే పెడతారని వాడే చెప్పాడు మరి. కానీ మా టీవీ పక్కనున్న బుల్లి స్పీకర్లు 150 కిందకి దిగలేవు. అప్పుడు 80 నుంచి 150 దాకా ఎవరూ పలకరు! మృదంగం తొప్పి మోత సగం మాయం. ఒకరోజంతా తండ్రీకొడుకులు దీని మీద వాదించుకున్నారు.

దారి ఫిల్టర్‌లో లేదు, అటక మీద ఉంది. మా పెళ్లికి పుట్టింటివాళ్లిచ్చిన స్టీరియో ఎప్పుడో పోయినా, దాని ఆరంగుళాల స్పీకర్ డబ్బాలు పాత దుప్పట్లో చుట్టి నేనే దాచాను. ఇరవై ఏళ్లుగా "ఆ చెత్తెందుకు" అన్న మావారే నిచ్చెన వేసుకుని దింపారు. నేనేమీ అనలేదు, చూశానంతే. అవి కిందకి హాయిగా దిగాయి.

ఇంక లెక్క కుదిరింది. ఎరుపు, ఎరుపు, నారింజ గీతల 22 కిలో ఓమ్స్ రెసిస్టర్లు, 104 అని రాసిన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, వెరసి 72 హెర్ట్జ్. రెండు జల్లెడలు కలిసి ఆక్టేవ్‌కి 24 డెసిబెల్స్ కోస్తాయి. ఆక్టేవ్ అంటే సంగీతం నేర్చుకున్నవాళ్లకి తేలికే, కింద షడ్జం నుంచి పై షడ్జం దాకా. 72 రెట్టింపయి 144 చేరేసరికి శక్తి సుమారు 250వ వంతుకి పడిపోతుంది. గొంతుల బెడద అక్కడితో వదిలింది.

నాబ్ ఉన్న రెడీమేడ్ బోర్డు కొందాం, ఎవరికి నచ్చినట్టు వాళ్లు తిప్పుకోవచ్చని వాడు చివరిదాకా బతిమాలాడు. నేను ఒప్పుకోలేదు. నలుగురున్న ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్ గతి ఏమిటో మీకు తెలియనిదా? ఓడిపోయేది ఎప్పుడూ అడగనివాళ్లే.

చివర్లో సబ్ వూఫర్ వైర్లు అటూ ఇటూ మార్చి ఏది నిండుగా ఉందో తేల్చాలి. స్పీకర్లూ, వూఫరూ ఒకే దిశలో కదలకపోతే గీత దగ్గర ఒకదాన్నొకటి తినేస్తాయట. ఆ పరీక్షకి వాడు నానమ్మని కుర్చీలో కూర్చోబెట్టాడు. పాత ఘంటసాల పాట పెట్టి, వైర్లు మారుస్తూ "ఇదా, అదా?" అని అడిగాడు. రెండోసారి ఆవిడ చెయ్యెత్తి, "ఇది ఉంచరా, ఇందులో మాట తెలుస్తోంది" అన్నారు.

ఇప్పుడు సీరియల్ వేళకి ఆవిడ హాల్లోనే ఉంటున్నారు. ఆ కోడలికి బొత్తిగా బుద్ధి లేదని మాతో పాటు తిడుతున్నారు కూడా. డబ్బాకి ఇంకా రంగు వెయ్యలేదు. ఆవిడే క్రోషే గుడ్డ ఒకటి కప్పారు. పాట పెట్టినప్పుడల్లా అది జరిగి కింద పడుతోంది, మావాడు మళ్లీ కప్పుతున్నాడు.