సారయ్య టీకాల పుస్తకం

కుక్క అంటే నాకు చిన్నప్పటినుంచీ భయం. ఆ భయానికి సరిగ్గా పధ్నాలుగు కారణాలున్నాయి. 1988లో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, బడినుంచి వస్తుంటే ఒక వీధికుక్క నా పిక్క పట్టుకుంది. ఆ రోజుల్లో గవర్నమెంటు ఆసుపత్రిలో గొర్రె మెదడుతో తయారుచేసిన మందు ఉండేది. బొడ్డు చుట్టూ, రోజుకొకటి చొప్పున, పధ్నాలుగు సూదులు. మా నాన్న రోజూ నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకువెళ్ళి, సూది వేసేటంతసేపూ మొహం అటు తిప్పుకుని నిలబడేవాడు. ఆ మందును మన దేశంలో 2005 నాటికి మానివేశారు. ఇప్పుడు నాలుగైదు సూదులతో సరి, అవీ చేతికే. కాని నా బొడ్డు ఆ సంగతి ఇంకా నమ్మటంలేదు.

అటువంటి నా ఇంటికి 2022 ఏప్రిల్‌లో మా రెండోవాడు ఒక కుక్కపిల్లను చొక్కాలో దాచుకుని తెచ్చాడు. రెండు నెలల పిల్ల. గోధుమరంగు ఒళ్ళు, నల్లటి మూతి. నేను ససేమిరా అన్నాను. మా ఆవిడ దానికి పాలు పోసింది. ఇంక నా మాటకు విలువేముంది?

పేరు పెట్టే అధికారం మాత్రం నాకు దక్కింది. తెలుగు లెక్చరర్‌ని కదా! మహాభారతం ఆరంభంలోనే ఒక కుక్కపిల్ల కథ ఉంది. ఏ పాపమూ ఎరుగని ఆ పిల్లను జనమేజయుడి తమ్ముళ్ళు కొడతారు. దాని తల్లి సరమ నిండు సభకు వచ్చి, ఆలోచన లేకుండా సాధుజీవులకు కీడు చేసేవాళ్ళకు అనుకోని ఆపదలు వస్తాయని చెప్పి వెళ్ళిపోతుంది. ఏటేటా క్లాసులో చెప్పే ఆ కథలోనించే మా పిల్లకు 'సారమేయుడు' అని నామకరణం చేశాను. వారం తిరిగేసరికి ఇంటిల్లిపాదీ కలిసి వాణ్ణి 'సారయ్య'ను చేశారు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు "సారయ్యా!" అని కేక వేసినప్పుడు, మేకను తోలుకొచ్చిన ఒక పెద్దాయన "ఆఁ, వస్తన్నా బాబూ" అంటూ లేచాడు. ఆ రోజు నాకు కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదు.

అయితే ఆసుపత్రి దాకా వెళ్ళటానికి ముందే నేను చేయవలసిన తప్పులన్నీ చేశాను.

కుక్కపిల్లకు టీకాలు వేయించాలని నాకు తెలుసు. కాని ఆసుపత్రికి తీసుకుపోవాలంటే సెలవు పెట్టాలి, ఆటో మాట్లాడాలి. ఎవరో సులువు చెప్పారు. దుకాణంలో మందు కొనుక్కుంటే, సూది వేయటం తెలిసినతను ఇంటికే వచ్చి వేస్తాడట. మే నెల మిట్టమధ్యాహ్నం మందు సీసా కొని, స్కూటరు డిక్కీలో పెట్టి, దారిలో కూరలు కూడా కొనుక్కుని ఇంటికి చేరాను. సాయంత్రం అతను వచ్చి సూది వేసి, డబ్బు పుచ్చుకుని వెళ్ళాడు. కాగితం ముక్క కూడా ఇవ్వలేదు, నేనూ అడగలేదు. పెద్ద పని ఒకటి తీరిపోయిందనుకున్నాను.

జూన్ నెలాఖరున సారయ్య అన్నం మానేశాడు. మర్నాడు వాంతులు. ఆ మర్నాడు నెత్తుటి విరేచనాలు. కళ్ళు లోపలికి పోయాయి. పిలిస్తే తోక చివర మాత్రం కదిలేది. మా చిన్నవాడు వాడి పక్కనే చాప వేసుకుని పడుకున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మగారు పిల్లను చూస్తూనే "టీకాలు వేయించారా, మాస్టారూ?" అని అడిగారు.

"అన్నీ వేయించామండీ" అన్నాను దర్జాగా.

"ఏమేం టీకాలు? ఏ తేదీల్లో? సీసా మీది లేబులు ఉందా?"

క్లాసులో పాఠం చదవకుండా వచ్చిన కుర్రవాడు ఎలా నిలబడతాడో నాకు తెలుసు. ఆ రోజు నేను అలాగే నిలబడ్డాను. ఒక్కటే టీకా అనీ, ఇంటి దగ్గర వేయించామనీ మెల్లగా ఒప్పుకున్నాను.

ఆవిడ మందలించలేదు. అది పార్వో అనే జబ్బన్నారు. 1978 ప్రాంతంలో లోకంలో కొత్తగా బయటపడిన వైరసట అది. దాన్ని నేరుగా చంపే మందు లేదు. సెలైను ఎక్కిస్తూ, వాంతులు ఆపుతూ, ఇంకో జబ్బు తోడుకాకుండా కాపాడుకుంటూ, పిల్ల తనంతట తాను గెలిచేదాకా తోడుండటమే వైద్యం. ఆరు రోజులు తిరిగాం. ఏడోనాడు సారయ్య గంజి తాగి, మా ఆవిడ చెయ్యి నాకాడు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకోవటం నేను చూడనట్లు నటించాను.

వాడు కోలుకుంటున్న రోజుల్లో నా సందేహాన్ని బయటపెట్టాను. "ఒక టీకా వేయించాం కదండీ. మరి జబ్బెందుకు వచ్చింది?"

డాక్టరమ్మగారు రెండు సంగతులు చెప్పారు. మొదటిది, టీకామందు ఫ్రిజ్జులో 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి. మే నెల ఎండలో డిక్కీలో ప్రయాణం చేసిన మందులో ఎంత సత్తువ మిగిలిందో ఎవరూ చెప్పలేరు. రెండవది, మందు మంచిదే అయినా ఒక్కసారి చాలదు. పిల్లకు తల్లి చనుబాల ద్వారా కొంత రక్షణ వస్తుంది. ఆ రక్షణ జబ్బునూ ఆపుతుంది, టీకానూ ఆపుతుంది. పాత కాపలావాడు కొలువు వదిలేదాకా కొత్తవాణ్ణి గేటులోపలికి రానివ్వడన్నమాట! ఆ పాతవాడు ఏ వారం వెళ్ళిపోతాడో పిల్లపిల్లకూ తేడా. అందుకని ఆరు, ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, పదహారు వారాలు నిండేదాకా టీకా వేస్తూ పోవాలి. మధ్యలో ఆపితే వేసినదీ వేయనట్లే కావచ్చు.

"మీ వాడికి ఈ రెండింట్లో ఏది దెబ్బ కొట్టిందో నేను చెప్పలేను. ఆ రోజు ఏం వేశారో రాసి ఉంటే కొంతైనా తెలిసేది" అన్నారావిడ.

జూలై 6 వచ్చింది. 1885లో అదే తేదీన పాశ్చర్ మహాశయుడు పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడికి మొట్టమొదటి టీకా వేయించాడు. దాని జ్ఞాపకార్థం ఆ రోజున మన పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా రేబీస్ టీకా వేస్తారు. ఉచితమన్న మాట వినగానే నేను సారయ్యను ఎత్తుకుని బయలుదేరాను. డాక్టరమ్మగారు వాణ్ణి తూచి, జ్వరం చూసి, "ఈరోజు వద్దు మాస్టారూ" అన్నారు. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల దాకా మామూలేనట. మనకైతే జ్వరమే! సారయ్యకు అంతకంటే ఎక్కువ ఉంది, ఒళ్ళింకా తేరుకోలేదు. టీకా అంటే ఒంటికి చెప్పే పాఠమనీ, నీరసించిన ఒంటికి పాఠం సరిగా ఎక్కదనీ ఆవిడ భావం. ఆ ముక్క మాస్టరైన నాకు ఇంకొకరు చెప్పవలసి వచ్చింది.

మూడు వారాల తరవాత ఐదారు జబ్బులకు కలిపి వేసే టీకా వేశారు. "అరగంట ఇక్కడే కూర్చోండి" అని చెప్పారు. నాకేమో పదిన్నరకు క్లాసు. ఐదు నిమిషాలు కూర్చుని లేచి వచ్చేశాను. ఇంటికి చేరేసరికి సారయ్య మూతి బూరెలా పొంగింది. కళ్ళు మూసుకుపోయాయి, పొట్టమీద దద్దుర్లు, ఒక వాంతి. వచ్చిన ఆటోనే వెనక్కు తిప్పాం. డాక్టరమ్మగారు వెంటనే సూది వేసి, మధ్యాహ్నం దాకా కళ్ళెదుట ఉంచుకున్నారు. సాయంత్రానికి వాపు తీసింది.

అప్పుడు ఆవిడ అడిగారు: "ఇదివరకు ఇంటిదగ్గర సూది వేయించినప్పుడు ఇలాంటిదేమైనా జరిగిందా?"

నేను లేదనబోయాను. మా ఆవిడ అందుకుంది. "ఆ రాత్రి కళ్ళు కాస్త వాచాయండీ. చీమ కుట్టిందేమో అనుకున్నాం."

గదిలో కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎండకు మందులోని సత్తువ పోయినా, కొందరి ఒంటికి పడని మిగతా పదార్థాలు అందులో ఉండనే ఉంటాయట. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే తాను వేరే విధంగా ఏర్పాటు చేసేదాన్నని ఆవిడ అన్నారు. ఎదుటివాళ్ళ జవాబు పత్రాల్లో వదిలేసిన పాయింట్లకు మార్కులు తగ్గించే నేను, నా జవాబులో అసలైన పాయింటే వదిలేశాను. సరమ చెప్పిన మాట నాకు ఆ బల్లదగ్గర మొదటిసారి అర్థమయింది. నేను కర్రతో కొట్టలేదు, నిజమే. ఆలోచన లేకుండా మాత్రం చేశాను.

ఆ రాత్రి మా ఆవిడ తేల్చి చెప్పింది: "ఇంక ఈ సూదులు వద్దండీ. బతికి బయటపడ్డాడు, అంతే చాలు."

ఆవిడ బాధ నాకు తెలుసు. కాని రేబీస్ టీకా ఇంకా మిగిలే ఉంది. రేబీస్ లక్షణాలు పైకి కనిపించాక, మనిషికైనా కుక్కకైనా ఇంచుమించు చావు తప్పదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు. వాడు నాకని చెయ్యి లేదు, మొహం లేదు. నా చెయ్యి తెలియకుండానే బొడ్డు దగ్గరకు పోయింది. సైకిలు పట్టుకుని మొహం తిప్పుకున్న మా నాన్న కళ్ళముందు మెదిలాడు.

"నిర్ణయం మనం చేయవద్దు. అన్నీ చెప్పి, ఆవిణ్ణే అడుగుదాం" అన్నాను.

ఇద్దరం కలిసి వెళ్ళాం. "చిన్న ప్రాణం కదండీ, సగం మందు వేయకూడదా?" అని మా ఆవిడ అడిగింది. డాక్టరమ్మగారు నవ్వలేదు. కుక్క చిన్నదైనా పెద్దదైనా టీకాకు మోతాదు ఒకటేననీ, సగం వేస్తే రక్షణ రాకపోవచ్చుననీ, ప్రమాదం మాత్రం సగమైపోదనీ విడమర్చి చెప్పారు. దానికి బదులు టీకాలన్నీ ఒకేనాడు కలపకుండా విడివిడిగా, వారాల ఎడంతో వేద్దామన్నారు. ముందుగా వాపు రాకుండా మందు ఇచ్చి, ఉదయంపూట వేసి, గంటసేపు కళ్ళెదుట ఉంచుకుందామన్నారు. అందరు కుక్కలకూ ఇదే పద్ధతి కాదు. కొన్నింటికి ఒక రకం టీకానే మానవలసి రావచ్చు. అది ఆ కుక్క చరిత్ర చూసి డాక్టరు తేల్చవలసిన సంగతి.

ఆగస్టులో రేబీస్ టీకా వేశారు. గంట కూర్చున్నాం. ఏమీ కాలేదు. ఆ రాత్రి కాస్త మందకొడిగా పడుకున్నాడు, సూది వేసినచోట శనగగింజంత గట్టిపడింది. ఒకటి రెండు రోజులు అలా ఉండటం మామూలేనని ముందే చెప్పారు గనుక మేమూ నిద్రపోయాం.

ఇప్పుడు మా బీరువాలో పిల్లల టీకా కార్డుల పక్కనే సారయ్య పుస్తకం ఉంది. తేదీ, బరువు, టీకా పేరు, సీసా లేబులు, ఆ రాత్రి ఎలా ఉన్నాడో అన్నీ అందులో ఉంటాయి. మొదటి పేజీలో ఎర్రసిరాతో 2022 నాటి వాపు సంగతి. ఏటేటా అన్ని టీకాలూ అక్కరలేదని కూడా ఆ పుస్తకం వల్లనే తెలిసింది. పార్వో వంటివాటికి ఏడాది బూస్టరు పడ్డాక, తరవాత మూడేళ్ళకొకసారి చాలునట. ఎలుకల మూత్రంవల్ల వచ్చే లెప్టో జబ్బుకు మాత్రం ఏటేటా వేయాలి. రేబీస్‌కు మా డాక్టరమ్మగారు ఏడాదికొకసారి వేస్తారు. ఏది, ఎందుకు, మళ్ళీ ఎప్పుడు అని అడిగితే ఆవిడ ఎన్నడూ విసుక్కోలేదు.

టీకాలో సగం సీసాలో ఉంటుంది, సగం యజమాని నోట్లో ఉంటుంది. సీసాలోది చల్లగా ఉండాలి. నోట్లోది నిజంగా ఉండాలి. నేను నేర్చుకున్నది ఇంతే.

ఇప్పుడు టీకా రోజున కాలేజీకి ముందే ఒంటిపూట సెలవు పెడతాను. సూది అయ్యాక ఆసుపత్రి వరండా బల్లమీద కూర్చుని జవాబు పత్రాలు దిద్దుకుంటాను. సారయ్య నా చెప్పుల మీద మూతి ఆనించి పడుకుంటాడు. నాలుగు పేపర్లకొకసారి వంగి వాడి మొహం చూస్తాను. గంట గడిచాక డాక్టరమ్మగారు తలుపు దగ్గరకు వచ్చి, "ఇంక వెళ్ళవచ్చు మాస్టారూ" అంటారు.

అనేదాకా కదలను.