పలక మోత

మా అబ్బాయి ప్లైవుడ్ పలకకు రంధ్రం కోసి స్పీకరు బిగించాడు. వెనుక పెట్టె లేని ఈ అమరికను ఓపెన్ బ్యాఫిల్ అంటారు. పెట్టె లేనందున మోత ఉండదని అతని ధీమా. కాని ఖారీ స్వరం దిగువకు దిగినప్పుడల్లా ఏదో హోరు నాకు వినిపించేది. "మీ చెవుల్లోనే ఉందేమో అబ్బాజాన్" అన్నాడు. ఏళ్ళ తరబడి పిల్లల ఉచ్చారణను దిద్దుతున్న నాకు ఆ మాటతో నిద్ర పట్టలేదు.

కొలిచి చూద్దామన్నాను. ఆంప్లిఫయరుకూ స్పీకరుకూ మధ్య 1000 ఓముల రెసిస్టరు కలిపి, ధ్వనిని 20 హెర్ట్జ్ నుండి మెల్లగా పెంచాము. స్పీకరు కొనల వద్ద వోల్టేజి 38 హెర్ట్జ్ దగ్గర గరిష్ఠమైంది. అది స్పీకరు సహజ కంపనం. నా హోరు అంత దిగువది కాదు.

రెసిస్టరు తీసి, పలకను కుర్చీలపై పడుకోబెట్టి పొడి ఇసుక చల్లాము. 140 దగ్గర ఇసుక ఎగిరి గీతలుగా పేరుకుంది. 1787లో జర్మన్ శాస్త్రజ్ఞుడు క్లాడ్నీ ప్రచురించిన చిత్రాలు ఇటువంటివే. అల్‌హమ్దులిల్లాహ్, మోగుతున్నది పలకే! వెనుక అడ్డపట్టీ బిగించగానే అక్కడ ఇసుక కదలడం మానింది.

ఉత్సాహంతో అబ్బాయి ధ్వనిని ఇంకా పైకి తీసుకెళ్ళాడు. 11,000 దాటాక, "ఆపేశావా?" అని అడిగాను. ఆపలేదట.

మర్నాడు పాఠంలో పిల్లలను మరికాస్త దగ్గరగా కూర్చోబెట్టుకున్నాను.