తాత తుపాకి

బాపు పోయిన పదకొండో రోజున ట్రంకుపెట్టె తెరిస్తే పైన పట్టా పాసుపుస్తకం, దాని కింద తుపాకి లైసెన్సు, అందులో మడిచిపెట్టిన ఠాణా రసీదు! టేకుమట్లలో ఆ రిటైర్డ్ సారుకు తాత తుపాకి సంగతి తెలుసు. చూసి మాత్రం పాతికేళ్లు దాటింది. తొంభైలలో అన్నలు ఊళ్లలోకొచ్చి లైసెన్సు తుపాకులు పట్టుకుపోతున్న రోజుల్లో బాపు దాన్ని ఠాణాలో అప్పగించాడు. 'ఇంట్ల ఉంటె మనకే ఎసరు' అన్నాడట.

విచిత్రమేంటంటే, ఇంట్లో లేని ఆ తుపాకికి ఆయన గడువు తప్పకుండా రెన్యువల్ చేయిస్తూనే వచ్చాడు. పుస్తకం నిండా ముద్రలే!

'అమ్మేద్దాం అన్నా' అన్నాడు తమ్ముడు. తప్పు లేదు. అది బర్మింగ్‌హామ్‌లో చేసిన డబుల్ బ్యారల్. 1980ల నుంచి మామూలు మనుషులకు విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు మూసుకుపోయింది. అందుకే ఇలాంటి పాతవాటి కోసం వెతికేవాళ్లున్నారు. సారు భార్యది ఇంకో మాట... 'ఇంట్ల పిల్లలు తిరుగుతరు. పేలకుండ చేయించి గోడకు తగిలియ్యుండ్రి.' అదీ కుదురుతుంది. మరమ్మతు చేసినా పేలని పాతకాలపు ఆయుధానికి 1959 ఆయుధాల చట్టం నుంచి మినహాయింపు ఉంది. అసలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు వేటే లేదు కదా, పేలే తుపాకి ఎందుకు?

సారు దగ్గర జవాబు లేదు. ముద్రల పుస్తకం ఉంది. లైసెన్సుకు దరఖాస్తు పెట్టాడు.

తుపాకి పొలంలా వారసుడి పేరున మారిపోదు. లైసెన్సు మనిషికే, ఆ మనిషితోనే సరి. మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి, పోలీసులు విచారించాలి, డాక్టరు సర్టిఫికెట్ కావాలి. 'మా తాతదే' అని లైసెన్సు లేకుండా ఉంచుకుంటే, 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్ల జైలు. నిజానికి 2016 నిబంధనల ప్రకారం డెబ్భై ఏళ్లు నిండినా, తుపాకి పాతికేళ్లు తన పేరున ఉన్నా, బతికుండగానే వారసుడికి బదిలీ చేయమని అడగొచ్చు. ఆ సంగతి బాపుకూ తెలీదు, కొడుక్కూ తెలీదు.

లైసెన్సు వచ్చాక తుపాకిని హైదరాబాద్‌లో ఓ దుకాణానికి తీసుకెళ్లాడు. అక్కడి పెద్దాయన గొట్టాలు విప్పి, వేలికి వేలాడదీసి, వేలి కణుపుతో కొట్టాడు. గంటలా మోగింది. బొంగురుగా 'డుబ్'మంటే రెండు గొట్టాల మధ్య అతుకు వదిలినట్టేనట! తర్వాత తూటా పట్టే చోటు కొలిచాడు. పాత ఇంగ్లిషు తుపాకులు చాలావరకు రెండున్నర అంగుళాల తూటాకు చేసినవి. ఇప్పుడు ఎక్కువగా దొరికేది రెండుముప్పావుది. పెడితే చక్కగా పట్టినట్టే ఉంటుంది. పేలినప్పుడే తూటా మూతి పూర్తిగా విచ్చుకునేందుకు చోటు చాలక, లోపల ఒత్తిడి పెరుగుతుంది. 'కొలవకుండా పెట్టకండి సార్' అన్నాడు.

సారు ఒక్క తూటా కూడా కొనలేదు. 'అమ్ముతారా?' అన్న ప్రశ్నకు నవ్వి బయటికొచ్చేశాడు.

ఇంట్లో తుపాకి బీరువాలోకెక్కింది, తాళంచెవి భార్య దగ్గర. ఎన్నాళ్లో ఉండలేదు. ఎన్నికలు రాగానే, లైసెన్సు తుపాకులు అప్పగించమని ఠాణా నుంచి కబురు. బాపు పాత ధోవతిలో చుట్టి తీసుకెళ్లి ఇచ్చొచ్చాడు. రసీదు మడిచి లైసెన్సు పుస్తకంలో పెట్టి, పుస్తకాన్ని ట్రంకుపెట్టెలో పాసుపుస్తకం కింద పెట్టాడు.