తని వేళ ఎవరు వింటారు?

మైలాపూరు, చెన్నై
డిసెంబరు 28

నాన్నగారికి,

క్షేమంగా చేరాను. పులిహోర గూడూరు రాకముందే అయిపోయిందని అమ్మకి చెప్పండి. రైలెక్కే ముందు మీరు నాకు ఒక్క పనే అప్పగించారు. "పాటల సంగతి పేపర్లో చదువుకుంటాను. తని మొదలయ్యాక, పాట ఆగి తాళవాద్యాలే మోగేటప్పుడు, జనం ఏం చేస్తున్నారో అది చూసి రాయి" అన్నారు. వచ్చిన దగ్గర్నుంచీ అదే చూస్తున్నాను.

మార్గళి నెలలో ఈ ఊరు పొద్దున మొదలుపెడితే రాత్రి దాకా పాడుతూనే ఉంటుంది. ఒక్కో సభలో రోజుకి మూడు నాలుగు కచేరీలు. వీటన్నిటికీ పెద్దన్న మ్యూజిక్ అకాడమీ. 1927లో మద్రాసులో కాంగ్రెసు మహాసభలు జరిగినప్పుడు వాటితోపాటు ఒక సంగీత సదస్సు పెట్టారు. అందులోంచే మరుసటేడు ఈ సంస్థ పుట్టింది.

నిన్న సాయంత్రం కచేరీలో ప్రధాన కీర్తన తోడిలో. నెరవూ స్వరకల్పనా ముగించి గాయని మృదంగం వైపు చెయ్యి చూపించింది. అంతే, వెనక వరసల్లో కుర్చీలు టపటపా ముడుచుకున్నాయి. తలుపు తెరిచినప్పుడల్లా క్యాంటీన్ కాఫీ వాసన లోపలికి రావడం మొదలైంది. లేచి వెళ్ళినవాళ్ళ సంగతి మృదంగం వాయించే మీకు కొత్త కాదు. కూర్చున్నవాళ్ళ గురించి రాస్తాను.

నా ముందు వరసలో ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని తొడమీద తాళం వేస్తున్నారు. ఆయన పక్కన ఒక పిల్లాడు, ఎవరి శిష్యుడో, పెదవులతోనే జతులు చెప్పుకుంటున్నాడు. మృదంగం, కంజీర కొరైప్పులోకి దిగాయి. ఎనిమిది ఆవర్తాలు ఈయన, ఎనిమిది ఆయన. తర్వాత నాలుగు, రెండు, ఒకటి, అర. ముక్క చిన్నదయ్యేకొద్దీ ఆలోచించుకునే వ్యవధి ఉండదు. ఎదుటివాడు వేసింది ముగిసేలోపే జవాబు వేళ్ళలోకి వచ్చెయ్యాలి. ఒకచోట కంజీరాయన మృదంగం ఆపిన జతినే అందుకుని తన వంతు మొదలెట్టాడు. పెద్దాయన కళ్ళు తెరిచి "భేష్" అన్నారు. ముగింపు కోర్వై మూడుసార్లు తిరిగి కీర్తన ఎత్తుకున్న చోట సరిగ్గా వచ్చి వాలేసరికి పిల్లాడు కుర్చీలోంచి సగం లేచాడు. కాఫీ తాగొచ్చినవాళ్ళు అప్పుడే తలుపు తోసుకుని వస్తూ చప్పట్లలో గట్టిగా చెయ్యి కలిపారు!

అకాడమీ 1942 నుంచి 'సంగీత కళానిధి' బిరుదు ఇస్తోంది. అది మృదంగం దాకా రావడానికి 1966 అయింది. అందుకున్నది పాల్ఘాట్ మణి అయ్యర్. కచేరీలో మైకు వద్దని పట్టుబట్టిన మనిషి. ఆడవాళ్ళ పాటకి చాలాకాలం వాయించనన్న మనిషి కూడా. డి.కె. పట్టమ్మాళ్‌కి వాయించడంతో ఆ పట్టు సడలింది. ఇవాళ మధ్యాహ్నం కచేరీలో మృదంగం ముందు ఒక కాలేజీ పిల్ల కూర్చుంది. సుకన్యా రామ్‌గోపాల్ ఘటం నేర్చుకున్న రోజుల్లో ఆడపిల్ల తాళవాద్యం పట్టడం ఎంత అరుదో మీకు నేను చెప్పక్కర్లేదు. రేడియోలో విజయవాడ నుంచి నిడుమోలు సుమతి గారి మృదంగం వస్తుంటే, "వాయించేది ఎవరో చెప్పుకో" అని మీరు అమ్మని ఆటపట్టించేవారు. 2021లో ఆవిడకి పద్మశ్రీ వచ్చిన రోజున అమ్మ ఆ మాట మీకే తిప్పికొట్టింది.

మోకాళ్ళకి తైలం మానకండి.

మీ పెద్దమ్మాయి

*

తంజావూరు
జనవరి 4

నాన్నగారికి,

ఎగ్మూరులో రాత్రి ఉళవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారేసరికి ఇక్కడ దిగాను. పెద్ద గుడి ఎక్కడికీ పోదు కదా అని ముందు మృదంగాలు చేసే ఇంటికి వెళ్ళాను.

వరండాలో గోడవారన తొలిచిన పనస మొద్దులు. మూలన తోళ్ళు. ఒక మృదంగానికి ఆవు, మేక, గేదె, మూడింటి తోళ్ళూ కావాలి. గేదె తోలుని వార్లుగా కోస్తారు. మేస్త్రీ కుడి మూత మీద కరణి వేస్తున్నాడు. ఇనుము కలిసిన నల్లరాయి పొడిని ఉడికిన అన్నంతో మెదిపి, చిటికెడు వేసి, నున్నటి రాయితో రుద్ది, ఆరాక మళ్ళీ చిటికెడు వేస్తాడు. అలా పొర మీద పొర. రుద్దగా రుద్దగా అందులో సన్నటి నెర్రెలు పడతాయి. ఆ నెర్రెలు లేకపోతే మూత బిగుసుకుపోయి మూగదవుతుందట. ఎడమ మూతకి మీరు కచేరీ ముందు బొంబాయి రవ్వ ముద్ద అద్దుకుంటే సరిపోతుంది. కుడివైపు పని మాత్రం అంత తేలిక కాదు.

ఈ నల్లటి చక్రం చేసే పనేమిటో సి.వి. రామన్ లెక్క తేల్చారు. ఆయన బాల్యం, బడి చదువు మన విశాఖపట్నంలోనే కదా. 1920లో 'నేచర్' పత్రికలో దీనిమీద ఆయన రాసింది అచ్చయింది. మామూలుగా బిగించిన తోలుని కొడితే ఒకదానికొకటి పొంతన లేని ధ్వనులు లేస్తాయి. నడుమ ఈ బరువు ఉండబట్టి మృదంగంలో అవి తీగ వాద్యంలో మాదిరి వరసలోకి వస్తాయి. గాయకుడి షడ్జమానికి మృదంగాన్ని కలపగలుగుతున్నది అందుకే. రామన్ కంటే ఎన్నో తరాల ముందే ఈ పనివాళ్ళు ఆ వరసని చెవితో పట్టుకున్నారు.

నేనుండగానే ఒక విద్వాంసుడి మృదంగం మరమ్మతుకి వచ్చింది. మేస్త్రీ దాన్ని ఒళ్ళోకి తీసుకోలేదు. పడుకోబెట్టి, చూపుడువేలితో అంచు చుట్టూ ఒక్కో వారు దగ్గర తాకుతూ పోయాడు. ఒకచోట ఆగాడు. మళ్ళీ తాకాడు. రాయి తీసుకుని అక్కడ అంచుమీద రెండు దెబ్బలు వేశాడు. నాకు ముందూ తర్వాతా ఒకేలా వినపడింది. తెచ్చిన శిష్యుడికి మాత్రం ముఖం విప్పారింది. "మీకు వాయించడం వచ్చా?" అని అడిగాను. "పాఠం రాదమ్మా. ఎవరి చెయ్యి బరువో, ఎవరిది తేలికో, ఎవరికి ఎంత మోగాలో అది తెలుసు" అన్నాడు.

గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో ఈ పనివాళ్ళ మీదే 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాశారు. వీళ్ళలో చాలామంది దళిత క్రైస్తవులు. మణి అయ్యర్ నాదం అని లోకం చెప్పుకునేదానిలో సెబాస్టియన్ అనే మేస్త్రీ ఇంటి పర్లాందు చేతిపని కలిసి ఉంది. విద్వాంసుడు అడగడం, పనివాడు చేసి చూపడం, ఈయన కాదనడం, ఆయన మళ్ళీ విప్పడం, ఇలా ఏళ్ళపాటు సాగితే తయారైన నాదం అది. కచేరీ కరపత్రంలో ఒక పేరే పడుతుంది.

మనింటికి ఏడాదికోసారి వచ్చి మూతలు వేసి వెళ్ళే ఆయన గుర్తొచ్చాడు. పని ముగిశాక ఒక్క దెబ్బ వేసి మీ ముఖంకేసి చూస్తాడు. మీరు తలూపితేనే సంచీ సర్దుకుంటాడు. ఆ తల ఊపాల్సింది మీరా, ఆయనా అని ఇవాళ నాకు సందేహం కలిగింది. కోప్పడకండి.

*

తిరువైయారు
పుష్య బహుళ పంచమి

నాన్నగారికి,

ఈసారి పంచమి సంక్రాంతికి ముందే వచ్చింది. తంజావూరు నుంచి బస్సులో వస్తుంటే ఒకదాని తర్వాత ఒకటి వంతెనలే. కావేరీ, దాని పాయలూ కలిపి ఐదు నదులున్న ఊరు గనకే ఈ పేరు. 1847లో ఇదే తిథినాడు త్యాగరాజస్వామి సిద్ధి పొందారు.

తెల్లవారగానే ఆయన ఉన్న తిరుమంజన వీధి నుంచి ఉంఛవృత్తి భజన బయల్దేరింది. కావేరి ఒడ్డున సమాధి దగ్గర నాగస్వరం మోగుతోంది. ఆరుబయట డోలు వింటే గదిలో విన్నది మర్చిపోవాలి. ఎడమవైపు కర్ర, కుడిచేతి వేళ్ళకి గుడ్డా జిగురూ చుట్టి ఎండబెట్టిన గట్టి తొడుగులు. ఆ దెబ్బని కావేరి అవతలి గట్టు కూడా వింటుంది. ఈ జిల్లాల్లో తవిల్ అని పిలిచే డోలు ఉత్త తోడు వాద్యం కాదు. నీడామంగళం మీనాక్షిసుందరం పిళ్ళై లాంటివాళ్ళని 'స్పెషల్ తవిల్' అని ప్రత్యేకంగా పిలిపించుకునేవారు. ఊరేగింపు నాలుగు వీధుల కూడలిలో ఆగిందంటే డోలు కోసమే. అక్కడ లేచిపోయే జనం లేరు, ఎందుకంటే కుర్చీలే లేవు! ఒంగోలు దగ్గర కరవది నుంచి వచ్చి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారు ఈ సంప్రదాయంలోకి వచ్చి, 1998లో సంగీత కళానిధి అయ్యారు. ఆయన సన్నాయికి మన ఊళ్ళలో ఇప్పటికీ మురిసిపోతాం. పక్కన డోలు వాయించినదెవరో చెప్పమంటే నీళ్ళు నములుతాం.

తొమ్మిది గంటల వేళ త్యాగరాజస్వామి పంచరత్న కీర్తనలు మొదలయ్యాయి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. రాగాలు ఐదైనా తాళం ఒక్కటే, ఆది. పందిట్లో ఎదురెదురుగా వరసల్లో విద్వాంసులు, వాళ్ళ వెనక విద్యార్థులు, ఆ వెనక నాలాంటివాళ్ళు. చాలామంది చేతుల్లో తమిళ లిపిలో అచ్చైన తెలుగు సాహిత్యం. నా పక్కావిడకి తెలుగు ఒక్క ముక్క రాదు. నేను ముక్కు మీద వేలేసుకునేలా చరణాలన్నీ చూడకుండా పాడింది.

మీకు రాయాల్సిన సంగతి ఇది. నేను కూర్చున్న చోటికి ముందు వరసల గొంతులు ఒకసారి ముందుగా, ఒకసారి ఆలస్యంగా చేరుతున్నాయి. వాటిని నమ్ముకుంటే పాట చెదిరిపోతుంది. మమ్మల్నందరినీ ఒక్కచోట పట్టి ఉంచింది వరసగా కూర్చున్న మృదంగాలు. అందులో పేరున్నవాళ్ళూ ఉన్నారు, నిన్నగాక మొన్న చేరిన పిల్లలూ ఉన్నారు. ఎవరూ తమ గొప్ప చూపించలేదు. చూపిస్తే పాడేవాళ్ళు తప్పుతారు. ఆరభిలో కాలం పరుగెత్తబోయినప్పుడు ముందు వరసలోని ఒక పెద్ద విద్వాంసుడు జతులన్నీ మానేసి ఉత్త దెబ్బలు వేశారు, అంతే. రెండు ఆవర్తాల్లో అందరూ దారిలో పడ్డారు. మృదంగం మీద ధ్యాస లేనివాళ్ళు కూడా ఆ క్షణాన దాన్నే విన్నారు. ఇక్కడ తని లేదు, దాని అవసరమూ రాలేదు.

ఈ సమాధి మందిరం బెంగళూరు నాగరత్నమ్మ గారు 1920ల్లో తన డబ్బుతో కట్టించినది. ఆడవాళ్ళని ఇక్కడ పాడనివ్వని రోజులవి. ఆవిడ తోటి కళావంతుల్ని పోగుచేసి పాడించింది. ఇవాళ పందిట్లో సగం మంది ఆడవాళ్ళమే. ఆవిడ విగ్రహానికి కూడా నమస్కారం పెట్టుకున్నాను.

*

మానామదురై
జనవరి 11

నాన్నగారికి,

దారిలో పుదుక్కోట్టైలో ఒక పూట ఆగాను. కంజీరకి కచేరీలో చోటు చూపించిన మాన్‌పూండియా పిళ్ళై ఊరది. ఆ బాణీలోనే తర్వాత దక్షిణామూర్తి పిళ్ళై, పళని సుబ్రమణ్య పిళ్ళై వచ్చారు. పళని గారిది ఎడమచేతి వాటం. మృదంగం కుడి మూత సభికుల వైపు ఉండాలి గనక ఆయన వేదికకి అటువైపు కూర్చోవాలి, అప్పుడు వయొలిన్ ఇటు మారాలి. చోటు మారడానికి ఒప్పుకోని వయొలిన్ విద్వాంసులుండేవారు. గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ ఆయన పక్షాన నిలబడ్డారు. విద్య ఎంతున్నా కూర్చునే చోటు కోసం మరొకరి మాట సాయం కావలసి వచ్చింది, చూడండి.

అక్కడి నుంచి ఘటాల ఊరు. వైగై మట్టి సారె మీద కుండగా లేచాక అసలు పని మొదలవుతుంది. పచ్చి కుండ లోపల రాయి ఆనించి, బయటనుంచి చెక్కతో కొడుతూ పోతారు. గోడ మందం ఎక్కడా తేడా రాకూడదు. మృదంగాన్ని మీరు రాయితో శృతి చేసుకుంటారు. కంజీర తోలు మీద నీళ్ళు చిలకరించి దింపుకుంటారు. ఘటానికి ఆ వీలే లేదు. వాములోంచి ఏ శృతితో వచ్చిందో దాదాపు అదే దాని జన్మంతా. కాబట్టి పచ్చి మట్టిగా ఉన్నప్పుడే, కాలాక ఎంత కుంచించుకుంటుందో అంచనా కట్టి, కుమ్మరే శృతి నిర్ణయించాలి. మానామదురై కుండలకి 2023లో భౌగోళిక గుర్తింపు దొరికింది. ఆ అంచనా మాత్రం ఏ గుర్తింపు పత్రంలోనూ రాసి ఉండదు, చేతిలో ఉంటుంది.

ఒకావిడ కాల్చిన ఘటాలు వరసగా పెట్టుకుని వేలి కణుపుతో కొడుతోంది. "ఇది ఐదు శృతి. ఇది నాలుగున్నర." మూడోది నాకు బాగానే మోగినట్టుంది. ఆవిడ పక్కకి నెట్టేసి, "ఇందులో నీళ్ళు పోసుకోవచ్చు" అంది.

మీరు అప్పగించిన పనికి నా జవాబు ఇది. తని వేళ హాల్లోంచి లేచిపోయేవాళ్ళ లెక్క మీరు ఏళ్ళ తరబడి మనసులో పెట్టుకున్నారు. ఆ లెక్క వదిలెయ్యండి. మృదంగాన్ని అందరికంటే నిశితంగా వినేవాళ్ళు హాల్లో లేరు, వాళ్ళని ఎవరూ లోపలికి పిలవలేదు. ఒక్క దెబ్బలో మూత జబ్బు చెప్పగలిగినవాడికి కాఫీ కోసం లేచిపోవాలని తోస్తుందా?

శ్రీరామనవమి పందిట్లో ఎప్పటిలాగే మీ కచేరీ ఉంటుంది. మన మూతలాయనకి ఈసారి ముందుగా కబురు పెట్టండి. ఆయన మనింట్లో పెరటి అరుగు మీద కూర్చుంటాడు, పందిట్లో ఎక్కడ కూర్చుంటాడో నేనెప్పుడూ చూడలేదు. మొదటి వరసలో, కమిటీ పెద్దల పక్కన కుర్చీ వేయించండి. తని మొదలెట్టే ముందు మైకులో ఆయన పేరు చెప్పండి. గాయకుడికీ వయొలిన్‌కీ శాలువా కప్పేటప్పుడు ఆయనకీ కప్పించండి. కమిటీవాళ్ళు గొణిగితే చెంబై ఏం చేశారో మీకు తెలుసు.

ఎల్లుండి రాత్రి రైలు. అమ్మకి ఘటం ఒకటి తెస్తున్నాను. నీళ్ళు పోసుకునేదే, భయపడొద్దనండి.

మీ పెద్దమ్మాయి