చేప దవడ కొనడానికి పొందూరు వెళ్తే...

మా ఇంట్లో రెండో బెడ్‌రూమ్‌కి నేను పెట్టుకున్న పేరు స్టూడియో. మా అమ్మ పెట్టిన పేరు గోడౌన్.

నేను గోడకు వేలాడదీసే అల్లికలు చేస్తుంటాను. ఒక చెక్క ఫ్రేమ్ మగ్గం, ఒక టఫ్టింగ్ గన్, నాలుగు రకాల పంచ్ నీడిల్స్, విదేశీ ఉన్ని ఉండలు, రింగ్ లైటు, ఏసీ. ఇవన్నీ లేకపోతే చేతిపని చెయ్యలేమని నా నమ్మకం. నిజం చెప్పొద్దూ, గత ఏడాది నేను అల్లినవాటి కంటే కొన్న పనిముట్లే ఎక్కువ. ఒక గోడ నిండా పనిముట్లు తగిలించి వీడియో తియ్యాలని ప్లాన్ వేసుకున్నప్పుడే ఫోన్‌లో అది కనబడింది. ఒక పెద్దావిడ చేప దవడతో పత్తి దువ్వుతోంది. గోడ మధ్యలో అది ఉంటే ఎంత బాగుంటుందో! అంతే, టికెట్ తీసేశాను.

విశాఖలో పొద్దున్నే పాసింజర్ ఎక్కితే విజయనగరం, చీపురుపల్లి, సిగడాం దాటాక పొందూరు వస్తుంది. ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్లు ఆమదాలవలసలో దిగి వెనక్కి రావచ్చు. శ్రీకాకుళం అక్కడికి దగ్గరే. స్టేషన్ బయట ఆటో అతను నా వాలకం చూసి "ఖద్దరు కోసమేటి?" అన్నాడు. ఈ ఊరికి కొత్తవాళ్లు ఇంకెందుకు వస్తారు అన్నట్టు.

ముందు ఖద్దరు దుకాణంలోకి వెళ్లాను. ఒక పంచె చేతిలోకి తీసుకుంటే బరువే తెలియలేదు. అక్కినేని నాగేశ్వరరావు గారు పొందూరు పంచెలంటే ప్రాణం పెట్టేవారని మా తాతయ్య చెబుతుంటే సినిమావాళ్ల సోకు అనుకునేదాన్ని. సోకు కాదు. ధర చీటీ చూసి పంచెను మడత పెట్టి మెల్లగా అక్కడే పెట్టేశాను. మా తాతయ్యకి ఈసారికి కండువాతో సరి.

నూలు వడికే వీధి ఎటు అని అడిగితే ఎవరో పిల్లాడు తీసుకెళ్లాడు. పెంకుటిళ్లు వరసగా, గోడకి గోడ ఆనుకుని ఉన్నాయి. వీధివైపు వసారాలు. ఒక వసారాలో నేను వీడియోలో చూసినలాంటి మామ్మే ఒకావిడ గోడకి ఆనుకుని కూర్చుంది. డెబ్బై దాటి ఉంటాయి. ముందు రాట్నం, పక్కన పత్తి బుట్ట.

"ఏటి గుంటా, అక్కడే నిల్చుండిపోనావు. లోనికి రా, కూకో."

కూర్చున్నాను. అప్పుడు చూశాను, ఆవిడ స్టూడియో ఎంతుందో. కాళ్లు చాపుకుంటే అవతలి గోడ తగులుతుంది. రాట్నం పెట్టాక ఇంకొకళ్లు కూర్చునే చోటు. వెలుతురు వీధిలోంచి రావాలి. పైన ఫ్యాను ఉంది గానీ తిరగట్లేదు. "కరెంటు లేదా మామ్మా?" అన్నాను చెమట తుడుచుకుంటూ. ఆవిడ పత్తి కాస్త వేళ్లతో విదిలించి గాల్లోకి వదిలింది. అది పొగలా లేచింది. ఫ్యాను వేస్తే రోజంతా చేసిన పని వీధిలోకి ఎగిరిపోతుందట. మే నెలైనా ఇంతే. నా ఏసీ గది గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఇక ఆ దవడ. చిన్న గుడ్డముక్కలో చుట్టి, బుట్ట అడుగున పెట్టుకుంది. విప్పి నా అరచేతిలో పెట్టింది. అది వాలుగ చేపది. పెద్ద నోరు, పొడుగు మీసాలు ఉండే నదిచేప. కింది దవడ సగం ముక్క అది, కొడవలిలా కొంచెం వంగి, పట్టుకుని పట్టుకుని పసుపు రంగుకి తిరిగింది. వేలితో రాస్తే బరకగా ఉంది. కళ్ల దగ్గరికి తెచ్చుకుంటే తప్ప పళ్లు విడివిడిగా కనబడవు. సన్నగా, దగ్గర దగ్గరగా, అన్నీ లోపలివైపు వాలి ఉన్నాయి. బతికున్నప్పుడు నోట్లో పడ్డ చేపపిల్ల జారిపోకుండా పట్టుకోవడానికి ఉన్న పళ్లవి. ఇప్పుడు పత్తి పోగుల్ని పట్టుకుంటున్నాయి.

గింజ తియ్యకముందే దువ్వుతారు. ఇది నేను ఊహించలేదు. గింజ పట్టుకుని, దానికి అంటుకున్న దూదిని ఆ పళ్లమీదుగా లాగుతారు, చంటిపిల్ల జుట్టు దువ్వినట్టు. ఆకుముక్కలు, నలకలు రాలిపోతాయి. పోగులన్నీ ఒకే దిక్కుకి తిరిగి, గింజ చుట్టూ చిన్న విసనకర్రలా విచ్చుకుంటాయి. ఒక్కొక్క గింజ! నేను పది గింజలు దువ్వేసరికి మెడ పట్టేసింది. ఆవిడ అప్పటికే దోసెడు చేసి పక్కన పెట్టింది, నన్ను గమనిస్తూనే.

"ఇనప దువ్వెన దొరుకుతుంది కదా మామ్మా?"

"ఇనుము తెంపేత్తాది. ఇది తెంపదు."

మిగతా పనిముట్లు చూస్తే నవ్వొచ్చేంత సాదా. ఒక చెక్కబల్ల, ఒక సన్నటి ఇనుప కడ్డీ. దువ్విన పత్తిని బల్లమీద పెట్టి కడ్డీ దొర్లిస్తే గింజ పుటుక్కుమని ముందుకు జారి బయటపడుతుంది, దూది వెనక ఉండిపోతుంది. ఆ తర్వాత చిన్న విల్లుతో ఏకడం. నారి మీటితే దూది మబ్బులా పొంగుతుంది. దాన్ని ఏకులుగా చుట్టి ఎండిన అరటి డొప్పలో పెడతారు. డొప్ప ఎందుకంటే నున్నగా ఉంటుంది, ఏకు చెయ్యి తగిలి నలగదు, వడుకుతున్నప్పుడు డొప్పతో సహా పట్టుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఇలాంటి పనికి నేను కొన్న చెక్క హోల్డర్ వెల చెబితే మీరు నన్ను తిడతారు.

ఆఖరున రాట్నం, ఒంటి కదురుది. కుడిచేత్తో చక్రం, ఎడమచేత్తో ఏకు. ఆవిడ చెయ్యి వెనక్కి వెళ్తుంటే పోగు కనబడలేదు నాకు. నిజంగానే కనబడలేదు. తల వంచి వెలుతురు వైపు చూస్తే అప్పుడు సాలెగూడులా మెరిసింది.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి. నూలు సన్నదనాన్ని కౌంటుతో కొలుస్తారు. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అంత కౌంటు. పొందూరు పేరు మోసింది 100 కౌంటుకి. అంటే అరకిలో కంటే కొంచెం తక్కువ పత్తిని సుమారు 77 కిలోమీటర్ల దారంగా లాగాలి. శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా పరిచినా ఇంకా మిగులుతుంది. అదీ ఈ వసారాలో, ఈ చేతులతో. పత్తి కూడా మామూలుది కాదు, ఈ ప్రాంతపు నాటు రకాలు. కొండపత్తి, పునాసపత్తి అంటారు. ఎర్రపత్తి అని ఇంకోటుంది, దాని దూదికి రంగు వెయ్యకుండానే లేత గోధుమ వన్నె. స్వాతంత్ర్యోద్యమం రోజుల్లో ఈ నేత సంగతి విని గాంధీజీ తన కొడుకు దేవదాస్ గాంధీని చూసి రమ్మని పొందూరు పంపారు. ఆ తర్వాతే ఈ ఊరి పేరు దేశమంతా తెలిసింది.

నేనూ ప్రయత్నించాను. మొదటిసారి తెగింది. రెండోసారి తాడంత లావుగా వచ్చింది. మామ్మ దాన్ని చూసి "పశువుని కట్టొచ్చు" అంది.

మధ్యలో వెనక ఇంట్లో మగ్గం కూడా చూపించారు. గుంట మగ్గం. నేలలో గుంట, అందులో కాళ్లు పెట్టుకుని నేలమట్టంగా కూర్చుంటాడు నేతగాడు. నేల చెమ్మ తగులుతూ ఉంటేనే ఇంత సన్నని పడుగు తెగకుండా ఉంటుందట. "టైల్స్ వేయించమంటాడు మా వోడు. వేయిత్తే మగ్గం బయట పెట్టుకోవాల" అన్నాడాయన నాడె విసురుతూ. చెయ్యి ఆపలేదు. బట్ట మీద బెత్తెడు కూడా పెరగలేదు నేనున్నంతసేపట్లో.

తిరిగి వసారాకి వచ్చి, అసలు సంగతి బయటపెట్టాను. ఆ దవడ నాకు అమ్ముతారా? ఎంతైనా ఇస్తాను.

మామ్మ నవ్వలేదు, కోప్పడనూ లేదు. "ఏటి సేత్తావు దీన్తో?"

గోడకి తగిలిస్తానని చెప్పడానికి నోరు రాలేదు. "నేనూ... నేర్చుకుంటాను" అన్నాను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

"నాకాడ రొండే ఉన్నాయి. ఒకదానికి పళ్లరిగిపోనాయి. రెండోది నీకిచ్చేత్తే నానేటితో దువ్వాల?"

తర్వాత ఆవిడే డబ్బు మాట ఎత్తింది, నేను అడక్కుండానే. చిలపకి ఇంత అని వస్తుంది. రోజంతా కూర్చుంటే వచ్చేది ఉపాధి పనికి వెళ్లిన కూలికి సరిపోదు. మోకాళ్లు పట్టేశాయి కాబట్టి ఎండలో పనికి వెళ్లలేదు, అందుకని ఇది. కోడలు నేర్చుకోలేదు. శ్రీకాకుళంలో బట్టల షాపులో చేరింది. "అక్కడైతే ఫ్యాను ఉంటాది" అంది మామ్మ. వెటకారం కాదు. కోడలి మంచికోరే చెప్పింది.

దుకాణంలో నేను మడత పెట్టి వచ్చిన పంచె ధర గుర్తొచ్చింది. ఎవరినో తిట్టాలనిపించింది. దువ్వేవాళ్లు, ఏకేవాళ్లు, వడికేవాళ్లు, నేసేవాళ్లు, ఇంతమంది చేతులు, ఇన్ని రోజులు కలిపితే ఆ ధర నిజానికి ఎక్కువేం కాదు. మరి అదే ధరకి కొనలేక వదిలేసింది నేనే. టఫ్టింగ్ గన్‌కి మాత్రం రెండో ఆలోచన లేకుండా కార్డు గీకాను. మెషీన్ నూలుతో నేసినదాన్ని పొందూరు పేరు చెప్పి అమ్మితే పట్టుకోలేనివాళ్లలో నిన్నటిదాకా నేనూ ఉన్నాను.

కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. వెళ్లొస్తానని లేచాను.

"గుంటా, గోదారి వైపు మీవోళ్లెవరైనా ఉన్నారా?" అని వెనకనుంచి అడిగింది. దవడలు రాజమండ్రి వైపు నుంచే వచ్చేవట. ఇప్పుడు తెచ్చేవాళ్లు తగ్గిపోయారు. పెద్ద చేపదే కావాలి. చిన్నదానికి పళ్లు చాలవు. "దొరికితే రెండు పంపించు. డబ్బులిచ్చేత్తాను."

కొనడానికి వచ్చినదాన్ని నేను. నాకే ఆర్డరు!

రైలు కోసం స్టేషన్‌లో కూర్చుని ఫోన్‌లో వాలుగ గురించి వెతికాను. శాస్త్రీయ నామం వల్లాగో అట్టు. అంతర్జాతీయంగా జీవజాతుల లెక్క చూసే ఐయూసీఎన్ 2019లో దీన్ని ముప్పు ఉన్నవాటి జాబితాలో చేర్చింది. నదుల్లో మితిమీరిన వేట, కలుషితమైన నీళ్లు. పత్తి మీద, మగ్గం మీద, కూలి మీద మనం మాట్లాడుకుంటాం. ఈ బట్టకి నదిలో చేప కూడా ఉండాలన్న సంగతి ఎవరికి తడుతుంది?

రాజమండ్రిలో మా మేనమామకి ఫోన్ చేశాను.

"వాలుగ దవడ కావాలి మావయ్యా. పెద్దది. రెండు."

"పులుసుకా? తలకాయతో పులుసు మీ అత్తయ్య బాగా పెడుతుందే!"

"పులుసు మీరు తాగండి. దవడ కడిగి ఎండబెట్టి నాకు పంపండి. పళ్లు ఊడకూడదు."

అవతల కాసేపు నిశ్శబ్దం. "మీ అమ్మ పక్కనుంటే ఒకసారి ఫోన్ ఇవ్వవే" అన్నాడు.

అంతా చెప్పాక, పెద్ద వాలుగలు ఇదివరకులా మార్కెట్‌కి రావట్లేదనీ, ఆదివారం పొద్దున్నే రేవు దగ్గరికి వెళ్లి చూస్తాననీ అన్నాడు. మొన్న ఒకటి దొరికింది. ఇంకోదాని కోసం చూస్తున్నాడు. మొదటిది ఇప్పుడు మా బాల్కనీలో పాతగుడ్డ మీద ఆరుతోంది. వాసనకి అమ్మ ఆ వైపు తలుపు తియ్యట్లేదు. నేనైతే దాని పక్కన కాపలా కూర్చున్నాను, ఎదురింటి పిల్లి చూపంతా దానిమీదే ఉంది.