ఇంటి బట్ట

కాశీలో పాత తరం గృహస్థు కచేరీ నుంచి ఇల్లు చేరగానే మొదట చేసే పని కోటు విప్పి గమ్ఛా చుట్టుకొనడం. మన తువాలుకు అది దగ్గర చుట్టం; గళ్ల నూలుబట్ట. స్నానానికి అదే, మొలకు అదే, ఎండవేళ తలకూ అదే. బజారులో కూరలు మూటగట్టేదీ అదే. ఉతికి దండెం మీద వేస్తే ఇట్టే ఆరుతుంది.

అటువంటి ఒక పెద్దాయన అరుగుమీద కూర్చుని ఉండగా కుమారుని పై అధికారి వచ్చాడు. కుమారుడు తండ్రిని లోపలికి పొమ్మని కనుసైగ చేశాడు. ఆయన మారుమాటాడక లేచి వెళ్లాడు.

అతిథిని కూర్చోబెట్టిన గదిలో గాంధీగారి పటం ఉన్నది. 1921 సెప్టెంబరులో మదురైలో కొల్లాయి కట్టిన ఆ మహనీయుడు, 1931లో లండను రాజప్రాసాదంలో ఐదవ జార్జిని చూడబోయినప్పుడూ దానిని విడువలేదు. అతిథి ఆ పటానికి నమస్కరించి మరీ కూర్చున్నాడు.

ఇక ఇల్లాలి మాట. విశ్రాంతికి వేరు బట్ట అనేది ఆ ఇంట మగవారికే గాని ఆమెకు లేదు. వంటకు కట్టిన చీరతోనే నిద్ర. ఎవరైనా వస్తే కొంగు తలమీదికి లాగుకొనడమే ఆమె వేషం మార్చుకొనడం. ఆనాడు తలుపు సందున టీ పళ్లెం అందించి, లోపలి గదిలో కూర్చున్న భర్త చేతికి ఉతికిన కుర్తా ఒకటి ఇచ్చింది. ఆయన మడత విప్పకుండా దానిని ఒడిలో పెట్టుకొన్నాడు.