30వ నంబరు రోడ్డు కింది కొస

జగదల్‌పూర్ నుంచి కోంటా, చింతూరు, భద్రాచలం, కొత్తగూడెం, తిరువూరు, మైలవరం మీదుగా దిగివచ్చే 30వ నంబరు జాతీయ రహదారి కొండపల్లిని ఆనుకొని వెళ్లి, ఇబ్రహీంపట్నంలో హైదరాబాదు రోడ్డును తాకి అయిపోతుంది. పాత డ్రైవర్లు ఇప్పటికీ దీన్ని 221 అనే అంటారు. చింతూరు వైపు కోయ పిల్లలకు ఇది ఊరి ముందు పోయే రోడ్డు. దాని కింది కొసలో నేను 2021 నుంచి ఉంటున్నాను.

కొండపల్లి అనగానే అందరూ బొమ్మలంటారు. మాలాంటివాళ్లు వచ్చేది బండ్ల కోసం. కాజీపేట-విజయవాడ లైను మీద స్టేషనుంది. షేర్ ఆటోలుంటాయి, బస్సులుంటాయి. ఫ్యాక్టరీలు, గోడౌన్లు, లారీ ఆఫీసులు ఉన్నాయి కాబట్టి ఏదో ఒక పని దొరుకుతుంది. నాది లారీ కాటా దగ్గర రాత్రి డ్యూటీ. లోడు బండిని, ఖాళీ బండిని తూచి చీటీ రాసివ్వాలి.

నేను చదివింది డీఎడ్. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో 3 వచ్చింది. దాన్ని నమ్ముకొనే మా గూడేల్లో చాలామందిమి ఆ చదువులో చేరాం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు నిలిచారు. మేము బస్సెక్కాం.

గది కోసం తిరిగితే మొదటి ప్రశ్న, “మీరేమిట్లు బాబూ?”

“కోయలమండీ.”

“కోయదొరలా? మూలికలమ్ముతారా, జాతకం చెబుతారా?”

“లేదండీ, పంతులు చదువు చదివాను.”

రెండు నెలల అడ్వాన్సు తీసుకొని గది ఇచ్చింది. మంచి మనిషే. కాని ఈనాటికీ మోకాళ్ల నొప్పులకు అడవి వేరేదైనా తెప్పించమంటుంది. నేను మెడికల్ షాపు చూపిస్తాను.

ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం 1979 నుంచి నడుస్తోంది. దానికి వచ్చే బొగ్గులో కొంత సింగరేణిది, అంటే మా చుట్టాలుండే వైపు నేలలోది. పట్టిసీమలో ఎత్తిపోసిన గోదావరి నీళ్లు కాలువ పట్టుకొని వచ్చి ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గరే కృష్ణలో కలుస్తాయి. మావైపువన్నీ ఎంత సులువుగా దిగివస్తాయో! ఎక్కడం అంత సులువు కాదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు మావైపు రోడ్డు మునిగింది. మా అమ్మతో మాట్లాడటానికి ఫోనైనా కలవలేదు.

ఇప్పుడు ఆ ఫోను కలుస్తుంది, మాట కలవదు. మా అమ్మాయి అంగన్‌వాడీకి వెళ్తోంది. నాయనమ్మ కోయలో అడుగుతుంది, పిల్ల తెలుగులో జవాబు చెబుతుంది. నాయనమ్మకు తెలుగు అంతంత మాత్రమే. ఇద్దరూ కాసేపు నవ్వుకొని ఫోను నాకిస్తారు. ఆ నవ్వు నాకు నచ్చదు.

అందుకని ఇంట్లో కోయే మాట్లాడాలని నేనూ మా ఆవిడా అనుకున్నాం. ఆదివారం పొద్దున మరో రెండు కుటుంబాల పిల్లలు కూడా మా గదికే వస్తారు. చెట్లు, పిట్టలు, వరసలు, మా ఊరి కథలు చెప్పుకుంటాం. నా డీఎడ్‌కు దొరికిన బడి ఇదే. చిక్కేమిటంటే చాలా మాటలు నాకే గుర్తులేవు. సుక్మా వైపు లారీ వస్తే క్లీనరు కుర్రాణ్ని అడుగుతాను. వాళ్ల మాట మా మాటకు కాస్త తేడాగా ఉంటుంది, అయినా అర్థమవుతుంది. పోయిన వారం ఒకతను టీ తాగుతూ నాలుగు పిట్టల పేర్లు చెప్పాడు. కాటా చీటీ వెనక రాసుకొని ఇంటికి తెచ్చాను. అందులో రెండు మా ఆవిడకు తెలుసు.